వానకు ఒకరోజు ముందు

నేను వాతావరణ కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. వాన వస్తుందా అని మా వీధిలో నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా కింది వాటాలో ఉండే రంగుల మేస్త్రి అత్తగారు ఊరి నుంచి దిగిందా అని మాత్రం అడుగుతారు. ఆవిడ వస్తే వాన వస్తుంది, రాకపోతే రాదు. ఇంత తేలికైన లెక్క చేతిలో ఉండగా ఉపగ్రహాలతో ఎవరికి పని?

ఆవిడ పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ వానత్తగారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, బక్కపలచగా ఉంటుంది. గోనెసంచుల మిల్లులో ఇరవై ఆరేళ్లు సంచుల అంచులు కుట్టింది. కుట్టి కుట్టి కుడిచేతి బొటనవేలు పక్కకి వంగిపోయింది. టీగ్లాసు పట్టుకుంటే మిగతా నాలుగు వేళ్లే పట్టుకుంటాయి, ఆ ఒక్కటీ తనకేం సంబంధం లేదన్నట్టు దూరంగా నిలబడుతుంది. భర్త అదే మిల్లులో మూటలు మోసేవాడు. ఒకరోజు మూట దించి గోడకి ఆనుకుని కూర్చుని మళ్లీ లేవలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆవిడ గొంతులో మార్పుండదు. "మూట మాత్రం జాగ్రత్తగానే దించారు" అంటుంది.

కొడుకు పడమటి వైపు ఊళ్లో ఉంటాడు, కూతురు మా కింద. మధ్య పదకొండు గంటల బస్సు. పొద్దున ఆరింటికి అక్కడ ఎక్కితే సాయంత్రం ఐదింటికి ఇక్కడ దిగుతుంది. జిప్పు పాడైన సంచీకి పురికొస చుట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకుని వస్తుంది. వచ్చాక లోపలికి వెళ్లదు. మెట్ల మీద పావుగంట కూర్చుని మోకాళ్లు సాగదీసుకుంటుంది. ఆ పావుగంటలో వార్త వీధంతా పాకిపోతుంది. ఇస్త్రీ బండివాడు బట్టలు తీసుకోవడం ఆపేస్తాడు. శ్లాబులు పోయించే కాంట్రాక్టరు ఫోను తీసి కూలీలకి రేపు రావద్దని చెప్పేస్తాడు. మా ఆవిడ మేడ మీద ఆరేసిన దుప్పట్లు తెచ్చేస్తుంది. ఆమె మొగుడు వాతావరణ కార్యాలయం ఉద్యోగి అన్న సంగతి ఆ సమయంలో ఆమెకి గుర్తుండదు.

మర్నాడు మబ్బు పడుతుంది, వాన మొదలవుతుంది, పది పన్నెండు రోజులు ముసురు. ఎండ మొహం చూపించగానే ఆవిడ సంచీకి పురికొస చుట్టుకుని కొడుకు దగ్గరికి వెళ్లిపోతుంది. మళ్లీ నెలకో, నెలా పదిరోజులకో దిగుతుంది. వెంట వాన. ఇది రెండున్నరేళ్లు నడిచింది.

వీధి మొత్తానికి పనికొచ్చిన ఈ ఏర్పాటు వల్ల నష్టపోయినవాడు ఒక్కడే, ఆవిడ అల్లుడు. మేస్త్రి చేసేది బయటి గోడల పని. ముందు గోడ నునుపు కావడానికి పుట్టీ, దాని మీద ఒక తెల్ల పూత, ఆపైన రంగు రెండు పూతలు, మధ్యలో ఆరడానికి ఎండ కావాలి. రెండో పూత తడిగా ఉండగా వాన పడితే గోడ ఏడ్చినట్టు తయారవుతుంది. ఒక బడి గోడకి ఆకాశనీలం వేస్తే, ఆ నీలమంతా కారి బడి ముందు మట్టిలో కలిసింది. పిల్లలు నీలం కాళ్లతో ఇళ్లకి వెళ్లారు. ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

మేస్త్రి చెడ్డవాడు కాదు. అత్తగారంటే గౌరవమే. కానీ ఒక సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి మనసులో మాట చెప్పేశాడు.

"నేనేమన్నా అన్నానా సార్ ఆవిడ్ని? ఒక్క మాటన్నానా? కానీ మూడు గోడలు పోయాయి. మూడూ ఆవిడ బస్సు దిగిన మర్నాడే పోయాయి. కొంతమంది పాదం అంతేనేమో."

ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఒక ముసలావిడ పాదానికీ నాకూ పోటీ పెట్టారు, పాదం గెలిచింది. నాకు ఒళ్లు మండింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మేస్త్రి భార్యని వాళ్లింటి గోడ మీది క్యాలెండరు తెమ్మన్నాను. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల బట్టలు కుడుతుంది. తల్లి వచ్చిన ప్రతి తేదీకీ ఎర్ర సుద్దతో గుండ్రంగా చుట్టడం ఆమె అలవాటు. పాత క్యాలెండర్లు కూడా దాచింది. మొత్తం పద్దెనిమిది రాకలు. వాటిని ఆఫీసుకి పట్టుకెళ్లి మా మబ్బుల పటాల పక్కన పెట్టి చూశాను. పదహారు సరిగ్గా కుదిరాయి.

ఆదివారం మేస్త్రి ఖాళీ రంగు బకెట్టు బోర్లించి దాని మీద పాఠం చెప్పాను.

"ఈ బకెట్టు భూమి అనుకో. ఇదిగో నడుం. ఇక్కడ వెచ్చటి సముద్రాల మీద ఒక పెద్ద మబ్బుల గుంపు పుడుతుంది. పెద్దదంటే ఊరంత కాదు, దేశమంత. పుట్టి తూర్పుకి నడుస్తుంది. మహా అయితే సైకిలు తొక్కే మనిషంత వేగం. కాకపోతే రాత్రీ పగలూ తొక్కుతూనే ఉంటుంది. అది పైనున్నన్నాళ్లు వాన, దాటిపోయాక పొడి. తూర్పున సముద్రాలు చల్లబడేచోట మబ్బు చెదిరిపోతుంది, కానీ గాలుల్లో దాని కదలిక అంతకంటే జోరుగా చుట్టూ తిరిగి మళ్లీ పడమటికి వచ్చి మబ్బు కడుతుంది. ఒక్క చుట్టుకి నలభై యాభై రోజులు. ఒక్కోసారి ముప్పై, ఒక్కోసారి అరవై. ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. దీనికీ మీ అత్తగారి పాదానికీ ఏ సంబంధమూ లేదు."

మేస్త్రి బకెట్టు చుట్టూ వేలితో ఒక చుట్టు చుట్టి చూశాడు.

"అంటే ఇదీ మా అత్తయ్య లాంటిదే. ఒకచోట కుదురుగా ఉండదు."

"తిరగడం వరకూ నిజమే. రెండూ కలవడం మాత్రం కాకతాళీయం" అన్నాను. పద్దెనిమిదింట్లో పదహారు కుదిరితే దాన్ని కాకతాళీయం అనకూడదని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి నేనే చెబుతాను. ఆ రోజు అది గుర్తు రాలేదు.

"మరైతే సార్, ఆ గుంపు ఎప్పుడెప్పుడొస్తుందో మీకు తెలుసుగా?"

"రెండు మూడు వారాల ముందు సుమారుగా తెలుస్తుంది."

"పొడి రోజులు రాసివ్వండి. అత్తయ్యని ఆ రోజుల్లో రమ్మంటాను. నా గోడల కోసం కాదు సార్. వీధిలో వాళ్లు ఆవిడ మొహం మీదే అంటున్నారు. మొన్న ఆ శ్లాబుల కాంట్రాక్టరు 'నాలుగ్రోజులాగి రాలేకపోయావా పెద్దమ్మా' అన్నాడు. ఆవిడ నవ్వింది. నవ్వి, ఆ రాత్రి అన్నం తినలేదు."

నేను కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే కాదనే ఉద్దేశం కూడా లేదు. వాన గురించి నన్ను ఒక మనిషి అడగడం అదే మొదలు. ఆఫీసు కాగితం మీద తేదీలు నీటుగా రాసిచ్చాను, ముందు ముందు వారం వారం సరిచేసి ఇస్తానన్నాను. ముద్ర కూడా వేసేవాణ్ణి, అది పై అధికారి బీరువాలో ఉంటుంది.

ఇంటికొచ్చి ఈ విజయం చెబితే మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అడిగింది.

"ఆవిడ్ని అడిగారా?"

"ఏమని?"

"సరిగ్గా అప్పుడే ఎందుకొస్తుందో."

"వాతావరణానికి దాంతో పనిలేదు" అన్నాను. ఆమె ఇంకో రాయి ఏరి పారేసింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ కాగితం చేతిలో పడ్డాక మేస్త్రి తన గోడల్ని పొడిరోజులకి మార్చుకుంటే సరిపోయేది. వానరోజుల్లో ఎలాగూ ఇంట్లోనే ఉంటాడు కాబట్టి అత్తగారు ఎప్పుడొచ్చినా ఇబ్బంది లేదు. ఇంత చిన్న ముక్క మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మబ్బుని కదల్చలేం కాబట్టి, కదిలే మనిషిని కదిల్చాం.

మేస్త్రి నా ఎదురుగానే ఫోను చేశాడు. "అత్తయ్యగారూ, ఈసారి ఇరవయ్యో తేదీ తర్వాత రండి. ఎండగా ఉంటుంది, ప్రయాణం సుఖంగా ఉంటుంది. తేదీలు పైన వాతావరణం సార్ స్వయంగా చూసిచ్చారు." అవతలి నుంచి "అలాగే బాబూ" అని వినిపించింది.

ఇరవై తర్వాతే వచ్చింది. ఒక్క చినుకు పడలేదు. వీధిలో సగంమంది బట్టలు ఆరెయ్యలేదు, శ్లాబుల పని ఆగిపోయింది, వారం రోజులు ఎండ కాసింది. ఇస్త్రీ బండివాడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి నాలుగంతస్తుల భవనం ఒక్క మచ్చ లేకుండా పూర్తి చేశాడు. తర్వాతి విడత కూడా అలాగే జరిగింది. నేను మెట్లు దిగేటప్పుడు కొంచెం నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాను, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని.

ఆవిడ మాత్రం చిక్కిపోయింది. పొడిదగ్గు పట్టుకుంది. సంచీ విప్పితే బట్టలు ముక్కవాసన వేస్తున్నాయని కూతురు వాటన్నిటినీ మళ్లీ ఉతికింది. "అన్నయ్యింట్లో సరిగ్గా తింటున్నావా?" అంటే "తింటున్నా" అంది. "ఫోను చేసినప్పుడు వెనకాల ఏంటమ్మా అంత గోల?" అంటే "టీవీ" అంది. కూతురు నమ్మింది. తన అన్న ఇంటికి ఆమె ఎప్పుడెళ్లినా బడి సెలవుల్లో మండుటెండలోనే వెళ్లింది. గది పెద్దది, ముందు విశాలమైన వాకిలి, వదిన మంచి మనిషి. అనుమానించడానికి అక్కడేమీ లేదు.

మూడో విడత ముసురుకి ఇంకా మూడు రోజులుందనగా ఆఫీసు నన్ను ఆ పడమటి ఊరికి పంపింది. అక్కడి బడి మేడ మీద మా వర్షమాపకం ఒకటుంది. పోయిన ముసుర్లో ఊరు మునిగినంత పనైతే అది మాత్రం సున్నా చూపించింది. వెళ్లి చూస్తే గరాటు మూతిలో కందిరీగలు మట్టితో గూడు కట్టుకుని సుఖంగా ఉన్నాయి. వాటిని ఒప్పించి ఖాళీ చేయించడానికి రెండు రోజులు పట్టింది. మర్నాడు పొద్దున బస్సుకి బయల్దేరేసరికి పడమటి ఆకాశం సీసం రంగుకి తిరిగింది. సన్నగా తుంపర మొదలైంది. నా లెక్క ప్రకారం అక్కడ సరిగ్గా ఆ రోజే మొదలవ్వాలి. నాకు చాలా సంతోషం వేసింది.

బస్టాండులో మా ఊరి బస్సు ఆగేచోట బెంచీ మీద వానత్తగారు కూర్చుని ఉంది. పక్కన పురికొస చుట్టిన సంచీ.

"అరె, మీరూ ఈ బస్సుకేనా? మేస్త్రి చెప్పలేదే" అన్నాను.

ఆవిడ లేచి నిలబడింది. "లేదు బాబూ. నేను ఇక్కడిదాకానే" అంది.

నాకు అర్థం కాలేదు. ఎవరినైనా దింపడానికి వచ్చిందేమో అనుకున్నాను. పక్కనే నేల ఊడుస్తున్న మనిషి చీపురు ఆపింది.

"ఈ పెద్దమ్మ ఏ బస్సూ ఎక్కదు సార్. వాన పట్టిందంటే వస్తుంది, తగ్గేదాకా ఇక్కడే ఉంటుంది. ఆడవాళ్ల గదిలో పడుకుంటుంది. మొదటిసారి ఆరు రోజులు, పోయినసారి తొమ్మిది. ఎవరో దిగబెట్టి వెళ్లారనుకున్నాం. అడిగితే నాకో కొడుకు, కూతురు, ఇద్దరూ మంచోళ్లే అంటుంది."

నేను బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోక తప్పలేదు. ఆవిడ చెప్పడానికి మొదట ఇష్టపడలేదు, తర్వాత చెప్పింది. ఎవరి మీదా కోపం లేకుండా, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది.

కొడుకుది వాడేసిన గోనెసంచుల వ్యాపారం. కొని, ఉతికి, వాకిట్లో ఆరేసి అమ్ముతాడు. సంచి తడిస్తే బూజు పడుతుంది, బూజు పడితే ఎవరూ తీసుకోరు. అందుకని మబ్బు పట్టగానే వాకిట్లోవన్నీ లోపలికి తేవాలి. ఇల్లంటే ఒక్క గది. సంచులు కప్పుదాకా పేరుస్తారు. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు వాటి మధ్య ఒక పక్క సర్దుకుంటారు. ఆవిడ మంచం వేసేచోటే సంచులు వస్తాయి.

"సంచులు లోపలికొస్తే నేను బయటికి రావాలి. రెండింటికీ చోటు లేదు మరి. కోడలు మంచిదే, సంచుల మీద పక్క వేస్తానంటుంది. వాటికి సిమెంటు దుమ్ముంటుంది, నాకు దగ్గు. అందుకే మబ్బు పడితే అమ్మాయి దగ్గరికి వచ్చేదాన్ని. తగ్గగానే వెళ్లిపోయేదాన్ని, వాళ్లకి మాత్రం బరువెందుకని."

అప్పుడు నా బుర్రలో బకెట్టు తిరిగింది. అక్కడ మబ్బు కమ్మగానే ఈవిడ బస్సెక్కుతుంది. మబ్బూ అదే దారిన తూర్పుకి బయల్దేరుతుంది. ఈవిడ బస్సు మీద, అది సైకిలు మీద. ఒకరోజు ముందు ఈవిడ దిగుతుంది, ఒకరోజు ఆలస్యంగా అది దిగుతుంది. మేస్త్రి అనుకున్నట్టు ఈవిడ వానని తేలేదు. నేను చెప్పినట్టు కాకతాళీయమూ కాదు. వానే ఈవిడ్ని తరిమింది. తలదాచుకోవడానికి ఉన్న ఒక్క చోటుకి వెళ్లకుండా, ఆఫీసు కాగితం మీద తేదీలు వేసి ఆపింది నేను.

"మరి మీ అబ్బాయికి..."

"వాడికి అమ్మాయి దగ్గరికి వెళ్తున్నానని చెబుతా. ఈమధ్య అమ్మకి కూతురి మీద ప్రేమెక్కువైందని కోడలితో అన్నాడట. అమ్మాయి నేను వాడి దగ్గరున్నాననుకుంటుంది. ఫోనుకేం తెలుసు బాబూ, మనం ఎక్కడున్నామో."

"ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా మాకు!"

"ఏమని చెప్పను? కొడుకింట్లో చోటు లేదని అల్లుడికి చెప్పనా? అల్లుడు రావద్దన్నాడని కొడుక్కి చెప్పనా?" అని, నా మొహం చూసి నన్ను ఊరడించడానికన్నట్టు అంది: "మీ తేదీలు మాత్రం బాగా కుదిరాయి. రెండుసార్లూ ఒక్క చినుకు పడలేదు. చాలా చదువుకుని ఉంటారు."

ఇరవై రెండేళ్లలో నా పనిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే. సిగ్గుతో చచ్చిపోయాను.

బస్సు వచ్చింది. సంచీ తీసుకుని ఎక్కమన్నాను. ఆవిడ కదలలేదు.

"అల్లుడు పదిహేను తర్వాత రమ్మన్నాడు. సరేనన్నాను."

"ఆ తేదీ వేసింది నేను. ఇప్పుడు మార్చేశాను, ఎక్కండి."

"ఆఫీసు తేదీ అలా మార్చొచ్చా?"

"మార్చొచ్చు. సవరణ అంటారు. వారానికోసారి చేస్తాం."

ఆవిడ ఊడ్చే మనిషికి వెళ్లొస్తానని చెప్పి ఎక్కింది. దారంతా నిద్రపోయింది. మొదట తల నిటారుగా పెట్టుకుని నిద్రపోయింది. తర్వాత నా భుజం మీదికి వాలింది. నేను కదలకుండా కూర్చున్నాను.

మధ్యాహ్నం బస్సు టీ కోసం ఆగినప్పుడు దిగి మేస్త్రికి ఫోను చేశాను.

"అత్తగారు వస్తోంది" అన్నాను.

"ఇవాళా? రేపట్నుంచి వాన కదా సార్. మీరే రాశారు."

నేను చెప్పాను. సంచుల సంగతి, బెంచీ సంగతి. నా తప్పు కూడా చెప్పాను, అది వేరే ఎవరైనా చెప్పే ముందే. అవతల ఎక్కడో ఇసుక కాగితంతో గోడ రుద్దుతున్న చప్పుడు వస్తోంది. అది ఆగిపోయింది.

"ఎన్ని రోజులన్నారు?"

"మొదటిసారి ఆరు. తర్వాత తొమ్మిది."

"బస్టాండులోనా?"

"బస్టాండులోనే."

ఫోను పెట్టేశాడు.

ఐదింటికి మేం దిగేసరికి ఆకాశం ఇక్కడ ఇంకా తెల్లగానే ఉంది. మేస్త్రి పని బట్టలతోనే, చంకలో గొడుగుతో వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా తెల్ల రంగు. పక్కన భార్య, కళ్లు వాచిపోయి ఉన్నాయి. నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నాకు రావలసిందే కాబట్టి తీసుకున్నాను. తల్లి చెయ్యి పట్టుకుని ఆ వంగిన వేలితో సహా గట్టిగా బిగించింది.

అల్లుణ్ణి చూడగానే వానత్తగారు కంగారుపడింది. ఎవరూ అడగకుండానే సంజాయిషీ మొదలుపెట్టింది.

"సార్ రమ్మంటే వచ్చాను బాబూ. రేపు వాన పడుతుందటగా. రెండ్రోజులుండి వెళ్లిపోతాను."

మేస్త్రి ఆవిడ చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. మూడు గోడలు వరసగా పోయినప్పుడు కూడా ఆ మనిషి మొహం అలా లేదు.

"ఎండొచ్చాక చూద్దాం అత్తయ్యా" అన్నాడు. సంచీ భుజానికెత్తుకుని, "ఎండొచ్చాక కూడా ఎక్కడికీ వద్దులే. ఉండిపో" అన్నాడు. ఎప్పుడూ ఆవిడ్ని గారు లేకుండా పిలవనివాడు.

ఆవిడ అక్కడే, దిగేవాళ్లకీ ఎక్కేవాళ్లకీ అడ్డంగా నిలబడి, పెద్దగా ఏడ్చింది. కండక్టరు తప్పుకోమని అనబోయి ఊరుకున్నాడు. మేస్త్రికి ఏం చేయాలో తెలియలేదు. చంకలో ఉన్న గొడుగు తీసి, విప్పి, ఆవిడ తల మీద పట్టాడు. వాన ఇంకా మొదలవలేదు.